తప్పేమీ దొరకలేదు

కొండమల్లేపల్లి దాటినంక జిన్నింగు మిల్లు, కాంటా రూము.
తలుపు తీయంగనే దీని రోగం సగం తెలిసింది:
ఫ్యాను రెక్కల మీద పత్తి నూగు,
కీబోర్డు సందుల్ల పత్తి నూగు,
గుమాస్తా వీరేశం కనుబొమ్మల మీద సుత.

బయట ఏడు ట్రాక్టర్లు, రెండు డీసీఎంలు.
పొద్దుగాల్నుంచి లైను కదల్లే.
కంప్యూటరే దొంగదని ఎవరో అన్నరంట.
అందుకే నన్ను పిలిచిన్రు.
దేవరకొండ బస్టాండు ఎదురుంగ మా షాపు,
నా పేరు రజియా, ఫీజు నాలుగొందలు, పెట్రోలు వేరే.

బ్రషు పట్టి దులిపిన, నోటితోని ఊదిన.
స్విచ్చి ఏసి ఎఫ్ పన్నెండు వొత్తి పట్టిన.
విండోసు లేవకముందే,
ఇంకా ఎవరి మాటా వినకముందే
తనను తాను తడుముకునే పరీక్ష ఒకటి
దీని కడుపులనే పెట్టి పంపుతరు కంపెనీవోళ్లు.

మొదలు ఫ్యాను. ఘాటు ఎక్కే లారీ లెక్క గర్జించి
మల్ల సల్లబడ్డది.
తర్వాత మెమొరీ: ఒక్కో అరల ఒకటి పెట్టి తీసింది,
సున్నా పెట్టి తీసింది,
పెట్టింది పెట్టినట్టే ఉన్నదా అని చూసుకున్నది.
డిస్కు మాత్రం నూటికి పదకొండు కాడ శానాసేపు ఆగింది.

అప్పటికి కిటికీ కాడ ఒకామె నిలవడ్డది.
రాత్లావత్ సోమ్లి. లైనుల మూడో ట్రాక్టరు ఆమెది.
"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"
"దాన్నే అడుగుతున్న, నీకెక్కడ నొస్తున్నదని."
"నిజం జెప్తదా?"
నేను నోరు తెరిచేలోపు తెర నిండ ఎరుపు.

ఇక్కడ యంత్రం మనిషిని అడుగుతది.
రంగు సక్కగ కనవడుతున్నదా, లేదా.
"ఏం రంగు అమ్మా?"
"ఎర్రగ." అవునని వొత్తిన.
"ఇప్పుడు?"
"పచ్చగ, జొన్న మొలక లెక్క." వొత్తిన.
బీప్ మన్నది. వినవడ్డదా అని అడిగింది.
"వినవడ్డది," అన్నది,
ఎవరో తన పేరు పిలిచినట్టు కొంచెం ముందుకు వంగి.

తర్వాత నవ్వింది సోమ్లి.
"పదేండ్ల సంది ఈ మిల్లుకు పత్తి తెస్తున్న.
నన్నొక మాట అడిగి
నేను జెప్పింది జెప్పినట్టు రాసుకున్నది
ఇదొక్కటే."

దొరికిన జబ్బు ఒకటే.
లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ సచ్చింది.
కరెంటు పోయినప్పుడల్లా ఇది తారీఖు మరిచిపోతది,
రెండువేల తొమ్మిది, జనవరి ఒకటికి పోయి కూసుంటది.
చీటీల కట్ట తిరగేసిన:
అందరి పత్తీ ఒక్కటే దినం తూగింది.
ఏ నాటి రేటు ఎవరికి కట్టిన్రో
ఆ కట్టకు తెల్వదు.

బిళ్ల మార్చిన. ఇయ్యాల్టి తారీఖు పెట్టిన.
మిగిలినయన్నీ పాసు.
తప్పేమీ దొరకలేదని తెర మీద తెల్లటి అక్షరాలు.
వీరేశం కిటికీల నుంచి తల బయటపెట్టి
"సూసిన్రా, మిషన్ సాఫ్!" అని కేకేసిండు.
ట్రాక్టర్లు ఒక్కొక్కటే గుర్రుమన్నయి.

"నేను దాన్ని అనలేదు బిడ్డా," అన్నది సోమ్లి మెల్లగ.
"ఇంటికాడ బస్తా బస్తా తూచితే పదమూడు క్వింటాళ్లు.
ఈడ పోయినసారి పన్నెండుంబావు.
దాని కిందున్నదాన్ని అడుగు."

కింద అంటే ఇనుప పలక,
పలక కింద నాలుగు మూలల సెల్లులు,
వాటి నుంచి మట్టిల వడి వచ్చే నల్ల వైరు.
వైరు చెవిల ఎంత జెప్తే
ఇది అంతే రాసుకుంటది.
ఎఫ్ పన్నెండు ఎన్నిసార్లు వొత్తినా
దీని చెయ్యి ఆ పలక దాకా అందదు.
నాకు ఆ పని రాదు, ఆ సీలు తీసే హక్కూ లేదు.

బిల్లు బుక్కు తీసిన.
హార్డ్‌వేర్ మంచిగున్నది. బ్యాటరీ మార్చడమైనది.
పెన్ను మూత పెట్టవోయి ఆగిన.
మల్ల తీసి ఇంకో లైను రాసిన.

వీరేశం సదివి, సంతకం పెట్టకుండ
నాలుగొందలు టేబుల్ మీద పెట్టిండు.
పెట్రోలు పైసలు అడగలే.

బండి స్టార్ట్ చేస్తుంటే సోమ్లి ఎదురొచ్చింది.
"నాకు సదువు రాదు. ఆఖరుకు ఏం రాసినవ్?"
కార్బను కాపీ మడత విప్పి
లైనుల ఉన్నోళ్లందరికీ వినేటట్టు సదివిన:
"కాంటా చూడలేదు."